చిన్నమామ రబ్బరు తొడుగు

మా చిన్నమామ ఛాతీ జబ్బుతో పోయాడన్న కబురు వై.ఎన్.హొసకోట బస్సులో వచ్చింది. మేము వెళ్ళేసరికి మా అవ్వ నా గడ్డం పట్టుకుని, "నిన్ను చేసుకోవాల్సినోడు పోయినాడు కదమ్మా" అని రాగం తీసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను జాలిగా చూశారు. డిగ్రీ చదివిన పిల్ల సెలవులన్నీ మామ కొట్టంలో గడిపితే వీళ్ళకు తోచిన అర్థం ఒకటే: అమ్మ తమ్ముడు, వరసైనవాడు, పెళ్ళి. నేను వెళ్ళింది ఆయన చేసే పని కోసం. ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ ముసిముసిగా నవ్వేది.

ఆయన బావుల్లో మునిగే మనిషి. మంగళూరు రేవులో నీళ్ళలో మునిగి ఓడల అడుగులు గీకే పనిలో కొన్నేళ్ళుండి, తిరిగి వస్తూ ఒళ్ళంతా కప్పే నల్లటి రబ్బరు తొడుగు, ముఖానికి కట్టుకునే అద్దం, పైనుంచి ఊపిరి అందించే గాలి పైపు తెచ్చుకున్నాడు. పంపు ఫుట్‌వాల్వు ఊడి బావి అడుగున పడినా, ఎవరైనా దూకి చచ్చినా ఆయన్నే పిలిచేవారు. వానల్లేక వేరుశనగ ఎండిన ఏళ్ళలో ఆ రెండో రకం పిలుపులే ఎక్కువ.

శవాన్ని తీసి పైకొస్తే ఆయనకు తాగే నీళ్ళు దూరం నుంచే పోసేవారు. ఒకసారి మైల పోవాలని మా నాన్న ఆ తొడుగు మీద మరిగిన నీళ్ళు పోయించి, ఎర్రటి ఎండలో బండమీద ఆరేయించాడు. మోకాళ్ళ దగ్గర రబ్బరు పగిలింది.

"బావా, నీ తోలు ఆరేసుకోప్పా బండ మింద! నా దాని జోలికి రావద్దు" అని మామ అరిచాడు.

ఆ పగుళ్ళు అతికేటప్పుడే నాకు పని నేర్పాడు. నేర్పాడనడం పెద్ద మాట, తిట్టాడు. బంక పల్చగా పూసి ఆరనిచ్చి, మళ్ళీ పూసి ఆరనివ్వాలి. నేను ఆత్రంగా అంచులు కలపబోతే చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఏందే ఆ తొందర? వేలికి అంటుకోనప్పుడే అతకాల."

"అంటుకోకుంటే ఎట్లా అతుకుతాది మామా?"

"కాలేజీలో అడుగు పో, ఆడ చెప్తారు."

తొడుగును తిరగేసి నీడలోనే ఆరేసేవాడు. మడత పెట్టనిచ్చేవాడు కాదు. గాలి పైపును బకెట్లో ముంచి, బుడగ కోసం కళ్ళు చిట్లించి చూసేవాడు. ఒక్కసారి మాత్రం నేను అతికిన చోట గోరుతో గీకి, "నీ అతుకును నమ్మి దిగుతా పో" అన్నాడు. నా చేతిపనికి ప్రాణం అప్పగించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మట్టి చేసి వచ్చాక, ఆనవాయితీ ప్రకారం ఆయన చాప, బట్టలు కాల్చడానికి కుప్ప వేశారు. పైన తొడుగు కూడా పడి ఉంది. లాక్కున్నాను.

"ఇడుస్తావా లేదా? శవాలు మోసిన తోలు అది!" అన్నాడు నాన్న.

"ఆ శవాలు మనోళ్ళవి కావా నాయనా? మీరొకరన్నా దిగినారా?"

"మామ మింద ఇంత ఆశ పెట్టుకున్నావేమే" అని పెద్దమ్మ మూతి తిప్పింది. ఆమెకు జవాబు దండగ. తొడుగు భుజాన వేసుకుని, కొట్టంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

ఫుట్‌వాల్వు బావిలో పడిందని నిన్న రాయచెర్లు నుంచి ఒక రైతు వచ్చాడు. మామ లేడని విని వెనక్కి తిరిగాడు. నేను పిలిచాను. తొడుగు నడుమును నా కొలతకు కత్తిరించి అతికాను. సోమవారం ఆ బావిలోకి నేను దిగుతున్నాను.