పట్నం పిల్లలకు చూపించిన టోపీగుండు

పుప్పాలగూడలో మా ముప్పై ఒకటో అంతస్తు ఫ్లాటులో పొద్దున్నే కొత్త అచ్చుకాయితం వాసన గుప్పుమంది. తీరా చూస్తే అది మా అమ్మాయి కాలేజీవాళ్ళు ఇచ్చిన పట్టీ: కౌలాలంపూర్ వెళ్ళే విద్యార్థులు చూడవలసినవి, చేయవలసినవి. సున్నపురాతి గుట్ట ఎక్కడం, అక్కడి కోతులకు చేతిలో తిండి కనబడనీయకుండా దాచుకోవడం, మబ్బుల్లో అద్దం వెనక నిలబడి ఊరంతా చూడడం. మూడోది ఇప్పుడు రోజూ పళ్ళు తోముకుంటూ చేస్తున్నదే. మొదటి రెండూ చిన్నప్పుడు టికెట్టూ చెప్పులూ లేకుండా, బడి ఎగ్గొట్టి, ఈ బాల్కనీ కిందనే చేసినవి.

అప్పుడిక్కడ, ఏనుగులు పంచాయితీ పెట్టుకుని తీర్పు రాకముందే రాళ్ళయిపోయినట్టు, కనుచూపుమేరా గుట్టలు. ఎండాకాలం ముంజలు, వానాకాలం తూనీగలు, చలి మొదలవగానే బండల సందుల్లో సీతాఫలాలు. వాటిని ఎవరికంటా పడకుండా జొన్నల గుమ్మిలో మగ్గబెట్టి, ఆ వాసనతో మూడూళ్ళకు తానే చాటింపు వేసుకునే మా నాయనమ్మ. అన్నిటికీ పైన టోపీగుండు, తాటిచెట్టెత్తు బండమీద గుమ్మడికాయంత ఆనికతో నిలిచిన ఇల్లంత రాయి. దాని నీడలో ఊరంతా పడుకున్నా ఇంకో పదిమంది చుట్టాలకు చోటుండేది.

నేను ఆరో తరగతిలో ఉండగా పట్నం బడి పిల్లలు మా ఊరు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

"మన ఊరు నచ్చితె మనల్ని జూకు పిలుస్తరంట," అన్నాడు హెడ్మాస్టరు. "పెద్దపులిని చూస్తరా, నా మొకమే చూసుకుంట కూసుంటరా?"

ఆ పులి మీద ఆశతో వారంపాటు మాకు తిన్న తిండి రుచి తెలియలేదు. గుండుకు దారి చూపే ఉద్యోగం నాకు పడింది.

వచ్చారు, నలభై జతల తెల్ల బూట్లతో. సేనాధిపతిలా ముందు నడిచి, మలుపు తిరిగి, వాళ్ళ మొహాలే చూస్తూ వెనక్కి చెయ్యెత్తి చూపించాను. వాళ్ళు నా చెయ్యి చివర ఏముందా అని మెడలు సాచారు. నేనూ తిరిగి చూశాను. బండ ఉంది. దానిమీద ఆకాశం ఉంది. రాయి లేదు. ముందురోజు మధ్యాహ్నం కంకర కోసం పేల్చేశారట. ఆ చప్పుడు రోజూ వినేదే గనక ఊళ్ళో ఒక్కరూ తలెత్తలేదు. నా నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది, అందులో కోడి గుడ్లు పెట్టి పొదిగేంతసేపు. పులి నా కళ్ళముందే అడవిలోకి వెళ్ళిపోతోంది.

"ఏందిరా గట్ల నిలవడ్డవ్? చుట్టాలకు రాయి పెడ్తరా, పండు పెడ్తరా?" అంటూ వెనకాలే వచ్చిన నాయనమ్మ సీతాఫలాల గంప దింపింది.

మోచేతుల దాకా గుజ్జు పూసుకుని, గింజ ఎవరు దూరం ఉమ్ముతారని పందేలు వేసుకుని, పట్నం పిల్లలు చీకటి పడినా బస్సెక్కడానికి ఒప్పుకోలేదు. మమ్మల్ని జూకు పిలిచారు. పులి బోను ముందు నిలబడి నేను పులిని చూడలేదు. బోను వెనక ఒక గుండు ఉంటే, దీన్నింకా ఎవరూ పేల్చలేదేమని దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"నాన్నా, వచ్చేనెల కౌలాలంపూర్ స్టూడెంట్స్ మన దగ్గరికొస్తరు. ఏం చూపిద్దాం?" అంది అమ్మాయి పట్టీ మడుస్తూ.

గుట్టలు లేవు, గుమ్మి లేదు, నాయనమ్మ లేదు. చివరికి మా అపార్టుమెంటు తోటలో, గడ్డి మధ్య, నల్లగా నిగనిగలాడే రాయి ఒకటి గుర్తొచ్చి ఆమెను కిందికి తీసుకుపోయాను. ప్రేమగా చెయ్యి వేస్తే డొల్లగా మోగింది. లోపలి స్పీకర్లో ఎవరో వేణువు ఊదుతున్నారు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, జర చెయ్యి తియ్యుండ్రి. రాయి చార్జింగ్‌ల ఉన్నది."