లాన్‌యింగ్ వయసు

లాన్‌యింగ్ పుట్టింది ఏడాది చివరి నెలలో. వాళ్ల ఊరి లెక్కలో బిడ్డ భూమ్మీద పడగానే ఒక ఏడు, కొత్త సంవత్సరం రాగానే ఇంకో ఏడు. అలా పురిటి మంచం దిగకముందే ఆమెకు రెండేళ్లు వచ్చేశాయి. ఊరంతా అదే లెక్క. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు, చట్టంతో పని పడేదాకా.

చైనాలోని జియాంగ్షీలో ఒక చిన్న పట్నంలో ఆమె, భర్త హోషెంగ్ సోయాపాలు విరిచి టోఫు చేసి అమ్ముకునేవారు. పిల్లలు లేరు. ఒకనాడు తెల్లారుతూ కొట్టు తలుపు తీసేసరికి గుమ్మంలో వెదురు బుట్ట, అందులో బొడ్డు ఊడని ఆడపిల్ల. దౌదౌ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల మాటలో గింజ అని అర్థం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. దొరికిన బిడ్డను పెంచుకోవాలంటే దంపతులకు ముప్పై అయిదు నిండాలని అప్పటి చట్టం. లేకపోతే బిడ్డ సర్కారు అనాథాశ్రమానికి పోతుంది. హోషెంగ్‌కు ఆ వయసు ఎప్పుడో దాటింది. లాన్‌యింగ్ కోసమే ఆగాలి. అందాకా దూరపు చుట్టాల పిల్ల అని చెప్పుకుంటూ పెంచారు. దౌదౌ నడిచింది, అమ్మా అంది, సోయాపాల మీగడ గిన్నెలో వేళ్లు పెట్టి తిట్లు తింది.

కొత్త సంవత్సరం వచ్చింది. లాన్‌యింగ్‌కు ముప్పై అయిదు.

"ఆఫీసు వాళ్లతో మనకెందుకే? ఇంకొన్నాళ్లు ఆగుదాం," అన్నాడు హోషెంగ్.

"ఆగితే? కాగితం లేని పిల్లని రేపు బళ్లో ఎవడు చేర్చుకుంటాడు? నువ్వూరుకోవయ్యా."

పిల్లకు జడలు వేసి, చంకనెత్తుకుని తనే వెళ్లింది. గుమాస్తా ఆమె గుర్తింపు కార్డు తిప్పి చూశాడు.

"నీకు ముప్పై మూడే కదమ్మా."

"అదేంటి బాబూ, మొన్నేగా ముప్పై అయిదు వచ్చాయి. మా అమ్మనడుగు, చెప్తుంది."

"మీ అమ్మ లెక్కలు ఇక్కడ చెల్లవు. పుట్టినరోజు నుంచే లెక్క."

కొరివితో తల గోక్కున్నట్టయింది. ఆ వారంలోనే అనాథాశ్రమం జీపు వచ్చింది. దౌదౌ ఏడవలేదు. జీపెక్కడమంటే దానికి సరదా, అమ్మ కూడా ఎక్కుతుందనుకుంది.

మరుసటి ఏడు వసంతంలో చట్టమే మారింది. ముప్పై నిండితే చాలట. బిడ్డ దొరికిన నాటికే ఆమెకు ముప్పై దాటాయి. ఇంత దుర్మార్గమైన దయ నేనెక్కడా చూడలేదు. ఆమె పరుగున ఆశ్రమానికి వెళ్లింది.

"నిరుడే విదేశం వాళ్లు తీసుకెళ్లారమ్మా," అంది ఆయా. "మంచివాళ్లే."

"నాకోసం అడిగేదా?"

"మొదట్లో రోజూ తలుపు దగ్గరే కూచునేది. తర్వాత మానేసింది." ఆయా గొంతు తగ్గించింది. "నీకిప్పుడు అడ్డేం లేదుగా. ఇంతమంది ఉన్నారు, ఒకరిని చూసుకోరాదూ?"

వరసగా ఉయ్యాల మంచాలు. ఒక పిల్ల లేచి నిలబడి, ఆమె వైపు రెండు చేతులూ చాచింది. లాన్‌యింగ్ గిరుక్కున తిరిగి బయటికొచ్చేసింది.

తర్వాత వాళ్లు ఎవరినీ పెంచుకోలేదు. దౌదౌ గురించి అడిగితే ఆమె పొడి కళ్లతోనే చెప్పేది. చేతులు చాచిన ఆ రెండో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు తుడుచుకునేది.

"దౌదౌనంటే లాక్కుపోయారు. ఆ పిల్లని నేనే వదిలేసొచ్చాను."