బంగారు మూత ప్రాసెసర్ కోసం ఆబిడ్స్ దాకా

సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలో, ఒక శుక్రవారం సాయంత్రం ఆబిడ్స్ నుంచి గోపాల్ సేఠ్ ఫోను చేశాడు. పాత ఎలక్ట్రానిక్ సామాను కిలోల లెక్కన కొని అమ్మే మనిషి.

"సార్, మీరడిగిన బంగారు మూత 8085 ఒకటొచ్చింది. రేపు రెండింటికి పాత చిప్పుల బంగారం తీసేటాయన వస్తడు. గాయనకంటె ముందు రాండ్రి."

ఇక్కడ నా నేరం ఒప్పుకోవాలి. 8085 అంటే మా వికారాబాద్ పాలిటెక్నిక్ ల్యాబులో పిల్లలకు నేను నేర్పే ప్రాసెసర్ చిప్పు. నలభై కాళ్లు. మామూలుగా నల్ల ప్లాస్టిక్ ఒంటితో వస్తుంది. తొలిరోజుల్లో కొన్నింటికి మాత్రం తెల్ల పింగాణీ ఒళ్లు, నెత్తిన బంగారు పూత మూత. అదే ల్యాబులో సామ్యూల్ సార్ నాకు పాఠం చెప్పింది అలాంటిదాని మీదే. ఆయన రిటైరయ్యాక పనికిరాని సామాను జాబితా మీద సంతకం పెట్టింది నేను. పెట్టె తెరిచి చూడకుండా పెట్టాను. సార్ ప్రాసెసర్ ఆ తుక్కులో పోయింది. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేదు. అలాంటిదే ఒకటి తెచ్చి ల్యాబు అద్దాల బీరువాలో పెట్టాకే చెబుదామని మూడేళ్లుగా వెతుకుతున్నాను.

"చిప్పుల కోసం తిరిగి తిరిగి చేతికి చిప్ప తెచ్చుకోకుండ్రి" అంటూ మా ఆవిడ టిఫిన్ డబ్బా ఇచ్చింది.

శనివారం ఉదయం ఎనిమిదిన్నర ప్యాసింజరు. నాంపల్లికి టికెట్టు పదిహేను రూపాయలు. నలభై కాళ్ల దాని కోసం బయల్దేరిన రెండు కాళ్ల నేను, రద్దీలో శంకర్‌పల్లి దాకా ఒంటికాలి మీదే వెళ్లాను. పక్కన మొజంజాహీ మార్కెట్‌కు సీతాఫలాలు తీసుకెళ్తున్న ఒకామె గంప జరిపి చోటిచ్చింది.

"ఏం పని మీద పోతున్నరు సారూ?"

"ఒక పాత చిప్పు కొనాలమ్మా."

"కొత్తది దొర్కతలేదా?"

"కొత్తది దొరుకుతుంది. పాతదే దొరకదు."

"మా ఇంటాయన గూడ గిట్లనే మాట్లాడ్తడు" అని ఆమె జాలిగా ఒక పండు చేతిలో పెట్టింది.

బండి ఆగి ఆగి నాంపల్లి చేరేసరికి పన్నెండు దాటింది. స్టేషన్ ఎదుట ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. అక్కణ్ణుంచి ఆబిడ్స్ నడకలో పావుగంట. సేఠ్ దుకాణం ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంది.

ఆయన పెళ్లికూతుర్ని చూపించినట్టు తెల్ల రుమాలు విప్పాడు. తెల్లని ఒళ్లు, ధగధగలాడే మూత. మూత మీద ఉండాల్సిన పేరులో ఒక్క అక్షరం లేదు.

"దూరం నుంచి వస్తున్నరని పొద్దుగాల నేనే తోమిన సార్, ఇత్తడి పాలిష్‌తోని. ఎట్ల మెరుస్తున్నది చూడుండ్రి!"

మూతను వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. నలభై కాళ్ల తెల్ల పింగాణీలు చాలా రకాలున్నాయి. పేరు చెరిగిపోయాక ఇది 8085 అని ఎలా తేల్చడం?

సంగతి చెప్పగానే సేఠ్ ముఖం వాడిపోయింది. "పేరు నా కండ్లతోని సదివిన సార్, ఒట్టు." కాసేపు గడ్డం గోక్కుని, అటక మీంచి ల్యాబుల్లో 8085ను గుచ్చి నడిపించే పాత కిట్టు ఒకటి దించాడు. "గిండ్ల వెట్టి చూద్దాం."

"వేరేదైతే కాలిపోతుంది సేఠ్."

"కాల్తే బంగారమాయనకిస్త. గాయనకు కాల్నా, కాలకున్నా ఒక్కటే."

ఒంటి గంటా నలభై. వంగిన ఒక కాలును గోటితో సరిచేసి, కిట్టులో నల్లదాన్ని పీకి, తెల్లదాన్ని కూర్చోబెట్టి స్విచ్చి వేశాను. ఏమీ లేదు. కాలిందేమోనని కిట్టు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను.

"రీసెట్ నొక్కుండ్రి సార్! మీరేం మాస్టరు?"

పదిహేనేళ్లుగా పిల్లలను "రీసెట్ నొక్కారా?" అని కసిరేవాణ్ణి. నొక్కాను. కిట్టు మీద ఎర్రగా 85 అని వెలిగింది. 8085 కాక వేరేది కూర్చుంటే ఆ అంకె రాదు. చెరిపేసిన పేరును తనే చెప్పుకుంది.

మూడు వందలన్న సేఠ్, పేరు తుడిచినందుకు తనే రెండు వందలకు దిగాడు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం తీసి నలభై కాళ్లకూ చుట్టి ఇచ్చాడు. నేను మెట్లు దిగుతుంటే బంగారమాయన ఎక్కుతున్నాడు. జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

నాంపల్లి స్టేషన్ ఎస్టీడీ బూతులోంచి మెదక్‌లోని సామ్యూల్ సార్‌కు ఫోను చేసి, సంతకంతో మొదలుపెట్టి అంతా చెప్పేశాను.

"సంతకం సంగతి నాకు ఎప్పుడో తెల్సురా. గిది నడుస్తున్నదా?"

"నడుస్తోంది సార్. బీరువాలో పెడతాను."

"నడిచేదాన్ని బీరువల పెడ్తవేందిరా? పిల్లల చేతికియ్యి."

"కాళ్లు విరగ్గొడతారు సార్."

"నువ్వెన్ని ఇర్గొట్టినవ్?"

"రెండు సార్."

"మూడు" అన్నారు సార్, నవ్వుతూ.

నాలుగున్నర ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇలాంటి వేటకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: "వస్తున్నాను" అనే కబురుతో పాటు "తోమకండి" అని కూడా చెప్పండి. లింగంపల్లి దాటేసరికి నిర్ణయించుకున్నాను. సోమవారం మొదటి ప్రయోగం దీనితోనే. బీరువాలో ఒక నల్ల ప్లాస్టిక్‌దాన్ని పెడతాను. ఇన్నాళ్లు పని చేసింది, కాస్త కూర్చోనీ.