షమీమ్ కార్డు లాగలేదు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధం నాతో పాటు బతుకుతోంది. వినేవాళ్ళకు పెద్దదేమీ కాదు. ఒక్క మాట. నేను చెప్పగానే అందరూ నమ్మారు. మళ్ళీ ఎవరూ అడగలేదు. ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే అప్పుడే బయటపడేవాణ్ణేమో. అడగలేదు కాబట్టి అది నాతోనే ఉండిపోయింది. పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు ఉంటుంది. ఒక్కడినే కూర్చుని అన్నం తినేటప్పుడూ ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. వాన పడితేనే పంట. నాకు సేద్యం అబ్బలేదు. కంప్యూటర్ రిపేరు నేర్చుకుని గిద్దలూరులో చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఆ ఊళ్ళో నాకు పరిచయాలు చాలా ఉన్నాయి కానీ, స్నేహితుడు మాత్రం ఒక్కడే. అతణ్ణి ఖాదర్ అందాం. స్టేషన్‌కు పోయే దారిలో వాళ్ళ ఫోటో స్టూడియో. ఖాదర్ పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. ఆ వీడియోలను కంప్యూటర్లో ఎడిటింగ్ చేసేది అతని చెల్లెలు షమీమ్. సాయంత్రం టీ నాకు అక్కడే. పండగొస్తే వాళ్ళమ్మ నాకు విడిగా గిన్నెలో సేమ్యా పంపించేది.

షమీమ్‌కు ఆ పని ఎవరూ నేర్పలేదు. తనే చూసి చూసి నేర్చుకుంది. పెళ్ళి వీడియోలో అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తుంటే, షమీమ్ మాత్రం వెనకాల స్తంభం పక్కన నిలబడి ఏడుపు ఆపుకుంటున్న తమ్ముణ్ణి పట్టుకునేది. ఆ ముక్క తీసి అప్పగింతల దగ్గర పెట్టేది. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తర్వాత "ఎవురు చేసినారిది?" అని అడిగేవాళ్ళు. ఖాదర్ షమీమ్ కూర్చునే తెర వెనక్కి వేలు చూపించేవాడు.

వాళ్ళ కంప్యూటర్ తయారుచేసింది నేనే. తప్పు అక్కడే మొదలైంది.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు. ఎంత వేగంగా నడవాలో తయారుచేసినవాళ్ళే నిర్ణయించి పంపుతారు. సెట్టింగులు మార్చి దాన్ని అంతకన్నా వేగంగా పరిగెత్తించొచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటారు. అంత వేగానికి తట్టుకోవాలంటే దానికి వోల్టేజీ పెంచి ఇవ్వాలి. ఇస్తే నడుస్తుంది. బాగా నడుస్తుంది. కానీ వేడెక్కుతుంది. లోపల కంటికి కనపడనంత సన్నటి తీగలుంటాయి, అవి రోజురోజుకూ అరుగుతాయి. పైకి ఏమీ తెలియదు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మరెందుకు చేశాను? డబ్బు కోసం కాదు. ఆ చిప్పు మామూలుదే. దాంతో పెద్ద మిషన్లు చేసే పని చేయించి చూపించాలనిపించింది. మొదటిరోజు షమీమ్ ఒక పాట ముక్క ఎక్కించి, అది అంత తొందరగా తయారై రావడం చూసి చప్పట్లు కొట్టింది. ఖాదర్ నా భుజం మీద చెయ్యేసి, "ఏం మాయ చేసినావన్నా? ఎగిరిపోతావుంది ఇది!" అన్నాడు. ఏం చేశానో అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెబితే మాయ పోతుంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి ఎండాకాలం దాటింది. రెండో ఎండాకాలంలో మిషన్ మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. స్టూడియో పైన రేకులు, లోపల ఒక ఫ్యాను. మా వైపు ఎండలు మీరెప్పుడైనా చూశారో లేదో. ఖాదర్ పిలిచాడు. వెళ్ళి చూశాను. వేగం కాస్త తగ్గిస్తే సరిపోయేది. ఆ ఒక్క పని చేసి ఉంటే నేనిప్పుడు మీకు ఇది చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. కానీ తగ్గిస్తే షమీమ్‌కు తెలిసిపోతుంది. "అన్నా, ముందులాగా లేదే" అంటుంది. అందుకని వోల్టేజీ ఇంకొంచెం పెంచాను. మళ్ళీ బాగా నడిచింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఆగింది. మళ్ళీ పెంచాను. ప్రతిసారీ ఖాదర్ టీ తెప్పించాడు. ప్రతిసారీ తాగాను.

అప్పుడొచ్చింది పెద్దారవీడు పెళ్ళి.

రైతు కుటుంబం. పెళ్ళికూతురి అవ్వ పెళ్ళిపాటలకు పేరుపడ్డ మనిషి. నలుగు పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు, అప్పగింతలప్పుడు ఆమె పాడాల్సిందే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొచ్చి పిలుచుకుపోయేవాళ్ళట ఒకప్పుడు. ఆమెకు చదువు రాదు. పాటలన్నీ ఆమె నోట్లోనే. మనవరాలి పెళ్ళిలో కూర్చుని గొంతు తడుపుకుంటూ చాలాసేపు పాడిందని ఖాదర్ వచ్చి చెప్పాడు. మొత్తం తీశానన్నాడు. షమీమ్ కెమెరా కార్డుల్లోంచి ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. మరో పెళ్ళి ఉండటంతో కార్డుల్లోవి చెరిపేసి ఖాదర్‌కు ఇచ్చేసింది. ఎప్పుడూ చేసే పద్ధతే.

ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు తెరిచి చూస్తే ఫైళ్ళు పాడైపోయి ఉన్నాయి. కొన్నిటిలో బొమ్మ ముక్కలు ముక్కలుగా పచ్చగా మారింది. పాటలున్నవి అసలు తెరుచుకోలేదు. అవి ఎట్లాగైనా బాగవుతాయేమో అని ఆమె ఎదురుచూస్తుండగానే పెద్దారవీడు నుంచి కబురొచ్చింది. అవ్వ చనిపోయింది.

వాళ్ళు గొడవ చేయడానికి రాలేదు. గొడవ చేసినా బాగుండేది. పెళ్ళికూతురు వాళ్ళ నాయనతో కలిసి వచ్చి స్టూడియో గుమ్మంలో నిలబడింది. "మా అవ్వ పాట ఒక్కటుంటే చాలన్నా. మా పెండ్లి లేకపోయినా ఏం కాదు" అంది.

కంప్యూటర్‌ను నా దుకాణానికి తెచ్చుకున్నాను. పరీక్ష పెట్టాను. పెట్టకముందే తెలుసు. తప్పుల మీద తప్పులు చూపించింది. అరిగిపోయిన ప్రాసెసర్ ఫైళ్ళను ఎక్కిస్తూ ఎక్కిస్తూనే పాడుచేసింది. పైకి మాత్రం పూర్తయిందని చెప్పింది. సెట్టింగులన్నీ మొదట ఉన్నట్టు మార్చాను. వేగం తగ్గింది. తప్పులు ఆగిపోయాయి. అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఆలోచించానా? నిజం చెప్పాలంటే పెద్దగా ఆలోచించలేదు. నా తప్పుకున్న సాక్ష్యం చెరిగిపోయిందన్న నెమ్మది ముందొచ్చింది. మిగతావన్నీ తర్వాత.

మిషన్ తీసుకెళ్ళి స్టూడియోలో అందరి ముందూ ఆన్ చేశాను. బుద్ధిగా నడిచింది.

"మిషన్‌కు ఏమైందన్నా?" ఖాదర్ అడిగాడు.

"మిషన్‌కు ఏం కాలేదు. చూస్తాండావు కదా."

"మరి ఫైళ్ళు ఎట్ల పోయినాయి?"

"కాపీ అవుతుండంగా కార్డు లాగేసింటారు. అట్ల లాగితే ఇట్లనే అయితాది."

లాగేసింటారు అన్నాను. పేరు చెప్పలేదు. కాపీ చేసేది ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు.

షమీమ్ తల ఎత్తింది. "నేను లాగలేదన్నా. అయిపోయిందని వచ్చినాకనే తీసినా."

"తొందర్లో ఒక్కోసారి మనకే తెలీదులేమ్మా," అన్నాను. ఎంత మెత్తగా అన్నానో.

ఆమె కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "ఏమో అన్నా. ఆ పొద్దు పని ఎక్కువుండె. లాగినానేమో." తర్వాత నా వైపు తిరిగి, "ఇంగోసారి అట్ల కాకుండా ఏం చెయ్యాలో చెప్పన్నా" అంది.

చెప్పాను. అయిపోయిందని వచ్చాక కూడా కొంచెంసేపు ఆగమ్మా, అప్పుడు తియ్యి అని చెప్పాను. బడిపిల్లలా తలూపుతూ విన్నది.

అబద్ధాలు అందరూ చెబుతారు. నేనూ అంతకుముందు చెప్పాను, తర్వాతా చెప్పాను. కానీ ఆ "లాగినానేమో" అన్న మాట వేరు. ఆమె కళ్ళారా చూసి, చేతులారా చేసిన పనిని ఆమే నమ్మడం మానేసింది. నేను చెప్పాను కాబట్టి. నాకు తెలుసని, నేను వాళ్ళ మనిషినని నమ్మింది కాబట్టి. పరాయివాడు చెప్పి ఉంటే ఎదురు తిరిగేదేమో.

తర్వాత ఆ పాడైన ఫైళ్ళతో చాలా రోజులు కుస్తీ పట్టాను. అది మాత్రం నిజంగానే పట్టాను. ఒకచోట కొన్ని క్షణాల పాట దొరికింది. బొమ్మ లేదు, గొంతు మాత్రమే. ఒక చరణం కూడా పూర్తిగా లేదు. ఫోన్‌లో వేసి ఇస్తే ఆ పెళ్ళికూతురు చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ విని, నాకు చేతులెత్తి దండం పెట్టింది. దండం పెట్టించుకున్నాను.

ఖాదర్ చెల్లెల్ని ఏమీ అనలేదు. అతను అనే మనిషి కాదు. కానీ ఎడిటింగ్ పని మార్కాపురంలో ఒకరికి పంపడం మొదలుపెట్టాడు. షమీమ్ పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ కౌంటర్లో కూర్చునేది. నేను పోతే "రా అన్నా" అనేది. ఎప్పటిలాగే. ఆ ఎప్పటిలాగే అన్నది భరించలేక సాయంత్రాలు పోవడం తగ్గించాను. పని ఉందన్నాను, ఒంట్లో బాగాలేదన్నాను. ఖాదర్ కొన్నాళ్ళు ఫోన్ చేశాడు. ఒకరోజు దుకాణానికే వచ్చి, "మా వల్ల ఏమన్నా తప్పయిందా అన్నా?" అని అడిగాడు. వాళ్ళ వల్ల! లేదన్నాను. అతను వెళ్ళిపోయాడు. ఇప్పుడు బజార్లో కనబడితే తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. ఇంత ఊళ్ళో నాకు కూర్చుని టీ తాగే చోటు లేకుండా నేనే చేసుకున్నాను.

ఆ ప్రాసెసర్ తర్వాత పూర్తిగా చచ్చిపోయింది. పాతదైపోయింది కదా అన్నాను. అదీ నమ్మారు.

ఈమధ్య సామాను కోసం మార్కాపురం పోయినప్పుడు బస్టాండులో షమీమ్ కనబడింది. పెళ్ళయి అక్కడే ఉంటోంది. పక్కన కూతురు. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం. వాళ్ళ పాప బడిలో పండగ వీడియో చేసిపెట్టే తల్లి కోసం అడుగుతున్నారట. నువ్వు చెయ్యొచ్చు కదమ్మా అన్నాను. నోరు జారింది. ఆమె నవ్వింది. "వద్దులే అన్నా. అవి నా చేతికి అచ్చిరావు" అంది. బాధగా కూడా అనలేదు. ఎప్పుడో తేలిపోయిన విషయం చెప్పినట్టు అంది. బస్సు వస్తే పాప చెయ్యి పట్టుకుని ఎక్కేసింది.

బస్సు రాకముందే చెప్పి ఉండొచ్చు. పక్కనే ఉంది. ఎవరూ వినడం లేదు. చెప్పలేదు. ఎందుకు? ఆమె కోపానికి భయపడ్డానా? కాదు. కోప్పడుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఇన్నేళ్ళు తన చేతుల్ని తాను అనుమానించుకున్న సంగతి గుర్తు చేసుకుని, నా ముఖం చూస్తుంది. ఆ చూపు ముందు నిలబడలేననుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇది రాయడం వల్ల ఆమెకు ఒరిగేది ఏమీ లేదు. ఆమె చదవకపోవచ్చు. చదివినా తన గురించేనని పోల్చుకోకపోవచ్చు. పెద్దారవీడు పిల్లకు ఒక్క చరణం కూడా తిరిగి రాదు. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. నన్ను మంచివాడనీ అనొద్దు. అంటే నేను మళ్ళీ దండం పెట్టించుకున్నవాణ్ణే అవుతాను.

వేగం పెంచింది నేను. ఆగుతుంటే వోల్టేజీ పెంచింది నేను. తెలిసీ ఆ అమ్మాయి మీదికి తోసింది నేను. ఇన్నేళ్ళలో ఈ మాటలు నా నోట నేనే వినలేదు. ఇప్పుడు రాస్తూ పైకి చదువుకున్నాను. ఖాళీ దుకాణంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కానీ తడబడలేదు.