గేటు దాకా వచ్చిన పిల్ల

మొన్న మనవడి అన్నప్రాశనకని జీడిపప్పు కొనడానికి పలాస వెళ్ళాను. కొట్లో చూపించిన పప్పు పాతదని తోచింది, మనకా నోరు ఊరుకోదు, వెనక షెడ్డులో పొట్టు తీస్తున్న ఆడవాళ్ళ దగ్గరే చూసి తీసుకుంటానని పట్టుబట్టి లోపలికి నడిచాను. వరసలో చివర కూర్చున్న పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్ల గబుక్కున లేచి, "బాగున్నారేటి టీచరమ్మా" అంది. ముఖం ఆనవాలు పట్టలేదు గానీ గొంతు పట్టాను. పిక్కలు కొట్టి కొట్టి జీడి రసం అంటి నల్లబడి, తోలు లేచిపోయిన వేళ్ళని చున్నీలో దాచుకుంటోంది.

మా ఊరు కంచిలి వైపు. తోటలున్నవాళ్ళ సంగతి సరే, లేనివాళ్ళు వలస పోవాల్సిందేనని ఉద్దానంలో పుట్టిన మీకు నేను చెప్పాలా. ఈ పిల్ల అమ్మానాన్నలు చెన్నైలో సెంట్రింగు పనికి పోయారు, పిల్ల అక్కడే పుట్టి నాలుగో తరగతి దాకా అరవంలో చదివింది. లాక్‌డౌన్ పెట్టిన ఏడు పనులు ఆగిపోయి ముగ్గురూ నానా అగచాట్లూ పడి ఊరు చేరారు. పనులు మొదలవగానే పెద్దవాళ్ళిద్దరూ తిరిగి వెళ్ళిపోయారు, మళ్ళీ ఎప్పుడు తరుముతారో తెలియదని పిల్లని మాత్రం మా ఇంటికి మూడిళ్ళ అవతల అమ్మమ్మ దగ్గర వదిలేశారు. పాఠాలన్నీ ఫోనుల్లో చెప్పే రోజులవి, ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోనే పోయింది.

అప్పటికి నేను రిటైరై రెండేళ్ళు. ఒకనాడు ఆ ముసలామె గేటు బయటే నిలబడి, "మా పిల్లకి తెలుగు రాదమ్మా. అరవం సదివితే ఇక్కడెవులికి కావాల? రెండచ్చరాలు సెప్పు తల్లీ" అని బతిమాలింది. వరండాలో చాప వేసి మొదలుపెట్టాను. అన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి బుర్ర నేను చూడలేదు. పన్నెండు రోజుల్లో అక్షరాలన్నీ పట్టేసి గుణింతాల్లోకి వచ్చింది, మరిచిపోతానేమోనని ప్రతి దాని పక్కనా అరవంలో రాసుకునేది. బళ్ళు తెరిచేనాటికి దీన్ని ఐదో తరగతిలో కూర్చోబెట్టకపోతే నా పేరు మార్చుకుంటానని మా వారితో గొప్పలు పోయాను.

మా వారికి కిడ్నీలు పోయి, వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ఇంతలో పిల్లకి కాస్త దగ్గు పట్టుకుంది. ఎదురింట్లో ఉండే మా ఆడపడుచు చూసి, "మెడ్రాసు నుండొచ్చిన పిల్లనెట్టుకుని కూకున్నావు, మా అన్నకేటైనా అయితే ఎవులు సూత్తారొదినా" అంది. ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. నాలుగు రోజులు ఆగి పంపమని అమ్మమ్మకి కబురు పెట్టి, గేటుకి తాళం వేసుకున్నాను.

ఐదో రోజు పొద్దున్నే పలక పట్టుకుని వచ్చింది. దగ్గు లేదు, తల దువ్వుకుని, మూతికి గుడ్డ కట్టుకుని శుభ్రంగా వచ్చింది. మూడుసార్లు పిలిచింది. నేను వంటింటి తలుపు వెనకే, చేతిలో గరిటెతో, ఊపిరి బిగబట్టి, వెళ్ళిపోవే తల్లీ, వెళ్ళిపో అనుకుంటూ నిలబడ్డాను. వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు. మా వారు ఆ ఏడే పోయారు, కరోనాతో కాదు, ఉన్న జబ్బుతోనే. ఆ దుఃఖంలో పిల్ల సంగతి మరిచిపోయానని అందరికీ చెప్పుకున్నాను గానీ అబద్ధం, మరిచిపోలేదు, మొహం చెల్లలేదు. బళ్ళు తెరిచాక నెల రోజులు తరగతిలో కూర్చుని, చదవమంటే చదవలేక, పిల్లలు నవ్వితే మానేసిందని, అమ్మమ్మతో పలాస పోయి, అక్కడే ఉండి జీడిపిక్కలు కొడుతోందని విన్నాను. విని ఊరుకున్నాను.

షెడ్డులో ఆ సంగతి తనే ఎత్తింది, నవ్వుతూనే. "నాలుగు రోజులు లెక్కెట్టుకోని వొచ్చినాను టీచరమ్మా. తాళమేసుంది. బాబుగారిని తీసుకోని పలాస ఎల్లిపోనారనుకున్నాను."

అవునమ్మా, ఆస్పత్రికి వెళ్ళాం అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆ మాటకి దాని ముఖం తేటపడింది. ఇన్నేళ్ళూ అదే నమ్ముకుని ఉంది పాపం. విరగని గుండు పప్పులన్నీ తనే ఏరి పొట్లం కట్టి ఇచ్చింది.

నా చిన్నతనంలో జీడి కాపుకొచ్చిందంటే మేమూ బడి ఎగ్గొట్టి తోటల్లో పిక్కలు ఏరేవాళ్ళం. మా మాస్టారు పంచె ఎగ్గట్టి ముళ్ళల్లో పడి తోటలోకే వచ్చి, మా అమ్మని నాలుగు చివాట్లు పెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవారు. అలా లాక్కుపోబట్టే నేనూ టీచర్నయ్యాను. పిల్లల్ని వెతుక్కుంటూ మాస్టార్లు వచ్చిన కాలం అది. నా వంతు వచ్చేసరికి పిల్లే పలక పట్టుకుని గేటు దాకా వచ్చింది, మూడుసార్లు పిలిచింది, నేను ఇంట్లోనే ఉన్నాను.