పలుపుతో సహా

మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకన్నా ముందు బేరం వచ్చేది. అమీర్‌పేట సందులో మా కిరాణా దుకాణం, పక్కన బాబాయి బట్టల దుకాణం, ఎదురుగా మేనమామ గిన్నెల దుకాణం. అన్నానికి పిలిస్తే "తింటే ఏమిస్తవ్?" అని అడిగే ఇల్లు అది. కూరగాయల బండి ఆయన నన్ను దూరం నుంచే చూసి పక్క సందులోకి తిప్పుకునేవాడు. అది నాకు దక్కిన గౌరవమనే అనుకునేదాన్ని. అలాంటి నేను ధర అన్న మాటే లేకుండా ఒకే ఒక్క బేరం చేశాను. అది మా గుర్రం గురించి.

గుర్రం అనగానే రాజుల కాలం ఊహించుకోకండి. నా భుజం దాకా కూడా రాని పొట్టిది, ఆడది. బేగంబజారు హమాలీలు దాన్ని టట్టు అనేవారు. బెల్లం రంగు ఒళ్లు, నుదుట సున్నం వేలు తుడిచినట్టు తెల్లమచ్చ. తాత దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి, చిన్న బండి కట్టి, బియ్యం, పప్పులు ఎర్రమంజిల్ క్వార్టర్లకూ పంజగుట్ట సందులకూ చేరవేసేవాడు. తాత తరువాత ఆ పగ్గాలు మా నాయిన చేతికి వచ్చాయి. అరటితొక్కలు పెట్టే ఇళ్లు దానికి కంఠతా వచ్చు. సరుకు ఇచ్చేది లేకపోయినా ఆ గుమ్మాల ముందు ఆగిపోయేది. నాయిన ఎంత అదిలించినా కాలు కదిపేది కాదు. ఆ ఇంటావిడ బయటికి వచ్చి, తొక్క పెట్టి, బండి ఎలాగూ ఆగింది కదా అని అవసరం లేని కందిపప్పు కొనేది. మా వంశంలో అసలైన వ్యాపారి అదేనని నా నమ్మకం.

దానికి ఒక్కటే భయం, బాజా. డోలు మోత వినిపిస్తే చెవులు వెనక్కి వాల్చి ఒళ్లంతా వణికేది. ఒకసారి పంజగుట్ట చౌరస్తాలో పెళ్లి బరాత్ ఎదురైతే బండితో సహా తిరగబడింది. శనగపప్పు మూటలు పగిలి రోడ్డంతా పసుపు పరిచినట్టయింది. బస్సులు ఆగిపోయాయి. నాయిన పప్పు వంక చూడలేదు. దాని మెడ పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. పప్పు ఎత్తింది నేను. మట్టి చేరిన పప్పును కూడా చాట పట్టి చెరిగి మళ్లీ డబ్బాలో పోశాను. ఇంట్లోకే లెండి.

తరువాత అమీర్‌పేట మీదకి కంప్యూటర్లు వచ్చిపడ్డాయి. మేడల ముఖాలు కనబడకుండా బ్యానర్లు లేచాయి. జావా, ఒరాకిల్ అని మేము సరిగా పలకలేని పేర్లు. కోస్తా జిల్లాల నుంచి, కరీంనగర్, వరంగల్ నుంచి పిల్లలు సూట్‌కేసులతో దిగేవారు. మా దుకాణంలో పప్పుల డబ్బాలు వెనక్కి పోయి బకెట్లు, మగ్గులు, తాళంకప్పలు, దోమల చుట్టలు ముందుకొచ్చాయి. బండి తోలే రోడ్డు కూడా లేకుండా పోయింది. సరుకు ఆటో ట్రాలీలో వెళ్లేది. గుర్రం పెరట్లో కొట్టం కింద రిటైరైంది. దానికి అక్కడా గిరాకీ తగ్గలేదు. ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి దాని నుదుటి మచ్చ తాకి వెళ్లేవారు. ఉద్యోగం వచ్చినవాళ్లు క్యారెట్లు తెచ్చేవారు. రానివాళ్లు మళ్లీ వచ్చి మళ్లీ తాకేవారు.

ఇంత గిరాకీ చూశాక నాయినకు రావలసిన ఆలోచనే వచ్చింది. పెరట్లో గదులు కట్టి హాస్టల్‌కు ఇద్దామన్నాడు. అందరం తలలూపాం. అందరి తలలూ ఊగాక గానీ కొట్టం ఎక్కడుందో ఎవరికీ గుర్తురాలేదు.

"మరి దీన్నేం చేద్దం?" అన్నాను.

"అమ్మేది మాత్రం లేదు," అన్నాడు నాయిన. "తాత తెచ్చిన జీవం. ఎరువిద్దం."

ఎరువియ్యడం మా బజారుకు కొత్త కాదు. పెళ్లికి పెద్ద గంగాళం కావాలన్నా, దావతుకు జంపఖానా కావాలన్నా ఎరువు తీసుకెళతారు, పని తీరాక తెచ్చిస్తారు. గుర్రాన్ని ఎరువియ్యడమే ఎవరూ వినలేదు. నాయిన దగ్గర దానికో లెక్క ఉంది. పశువును అమ్మేటప్పుడు పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టి తోలుకుపోవాలి, పాత పలుపు అమ్మినవాడి ఇంట్లోనే ఉండిపోవాలి. పలుపు పోతే కొట్టం కళ పోతుందంటారు. "మనం పలుపుతో సహా పంపిద్దం," అన్నాడు నాయిన. "గా తాడు దాని మెడకు ఉన్నన్ని దినాలు అది మనదే."

మాట బయటికి పాకగానే మొదట బ్యాండ్‌మేళం ఆయన వచ్చాడు. "వీపు మీద ముత్యాల జూలు ఏస్త సేటూ, పెళ్లిళ్ల సీజన్ల ఖాళీ అన్నదే ఉండది," అన్నాడు ఉత్సాహంగా. ఆయన భుజానికున్న డోలు చూసి గుర్రం గోడ దాకా వెనక్కి నడిచింది. ఆ బేరం అదే తేల్చేసింది.

తరువాత వచ్చినాయన బేగంపేటలో ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు వైపు మనిషి. చాలా మర్యాదస్తుడు.

"మా బాబు బర్త్‌డేకి సర్‌ప్రైజ్ ఇద్దామని అండి. బాగా చూసుకుంటాం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండో పార్కింగ్ ఖాళీగానే ఉంది."

"సెల్లార్లనా సార్? ఎండ ఎట్ల తగుల్తది?" అన్నాడు నాయిన.

"ట్యూబ్‌లైట్ ఉందండి," అన్నాడాయన. కాసేపు గుర్రం చుట్టూ తిరిగి, "ఏంటండీ, సర్వీసింగ్ లాంటిది ఎన్నాళ్లకోసారి ఉంటుంది?" అని అడిగాడు.

నాయిన నవ్వు దాచుకోవడానికి తూకపురాళ్లు సర్దాడు. "నాడాలు కొట్టియ్యాలె సార్," అన్నాడు చివరికి. ఆయన వెళ్తూ వెళ్తూ దాని మచ్చ తాకి వెళ్లాడు. ఏదో ప్రమోషన్ ఉన్నట్టుంది.

మూడోది పాలామె. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీల వెనక బర్రెల కొట్టం ఆమెది. రోజూ మా సందుకు పాలు పోసి, తిరుగు ప్రయాణంలో మా దగ్గర బర్రెల దాణాకు ఉలవలూ పల్లిచెక్కా కొనేది. బేరంలో నన్ను ఓడించిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. బర్రె కింద దూడ చచ్చిపోతే వారం రోజులు మొహం కడుక్కోని మనిషి కూడా ఆమే. "నాకియ్యరాదు సేటూ," అంది ఒక పొద్దున, చెక్క మూట ఎత్తుకుంటూ. "మా బర్రెలకు తోడుంటది."

నాయిన నా వైపు చూశాడు. అంటే, బేరం నాది.

నేను గల్లా వెనక సర్దుకుని కూర్చున్నాను. ధర లేని బేరానికి ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు. అయినా అలవాటు ఊరుకోదు కదా.

"బరాత్‌లకు ఇయ్యొద్దు పెద్దమ్మా."

"ఇయ్య."

"పిల్లలను ఎక్కియ్యొద్దు."

"నా మనుమరాలు ఎక్కుతది. గింత పోరి, మీ రెండు సేర్ల రాయంత ఉండది. దాన్ని ఎక్కియ్యకుంటే నన్ను ఇంట్లకు రానియ్యరు."

"సరే, ఆ పోరి ఒక్కతే. గడ్డిమోపు మోయించొద్దు."

"ఏం మోయకుంటే కాళ్లు పట్టుకపోతయి బిడ్డా. నాకోసమా? దాని కాళ్లకోసం."

"సగం మోపు."

"సగం మోపు ఎవలన్న కోస్తరా?" అని ఆమె దుకాణం అదిరేలా నవ్వింది. "సరే, సగం. గా మిగిలిన సగం నువ్వొచ్చి మొయ్యి."

"ఆదివారం ఆదివారం చూడనీకి వస్త. చెప్పకుంట వస్త."

"చెప్పకుంట వచ్చేటోళ్లకు చాయ్ ఉండది."

"నాకు చాయ్ వద్దు."

"గట్ల అన్నోళ్లే రెండు గ్లాసులు తాగుతరు." ఆమె మూట కింద పెట్టి వేలు ఎత్తింది. "ఇగ నాదొక్క మాట. నా కొట్టంల ఉన్నన్ని దినాలు దాని మంచిచెడ్డ నేను చూసుకుంట. గిట్ల కట్టినవేంది, గట్ల కడిగినవేంది అని నస పెట్టొద్దు."

నేను నోరు తెరిచేలోపే నాయిన "ఖాయం" అనేశాడు. మొదటి మాటకే ఒప్పుకోవడం మా బజారులో సిగ్గుచేటు. ఆయన జీవితంలో అలా ఒప్పుకోవడం నేను చూసింది అప్పుడే.

పంపే రోజు నాయిన దుకాణంలో ఉన్న తాళ్లన్నీ తిరగేశాడు. అన్నిటికన్నా లావుపాటి కొబ్బరిపీచు తాడు తీసి, మాదని తెలిసేలా కొసన ఎర్రదారం చుట్టి, దాని మెడకు కట్టాడు. "గట్టిగుండాలె," అన్నాడు. తాడు గట్టిగుంటే హక్కూ గట్టిగుంటుందని తండ్రీబిడ్డలం ఇద్దరం అనుకున్నాం. పాలామె ఆ తాడును చేత్తో రాసి చూసి ఏదో అనబోయి ఊరుకుంది. గుర్రం సందు మలుపు దాకా వెళ్లి, అరటితొక్కలు పెట్టే ఇంటి ముందు ఆగింది. ఆవిడ బయటికొచ్చింది. ఆ పూట పప్పు కొనలేదు, కళ్లు తుడుచుకుంది.

మొదట్లో ప్రతి ఆదివారం వెళ్లాను, బెల్లం ముక్క కొంగున కట్టుకుని. రెండు గ్లాసుల చాయ్ తాగి వచ్చేదాన్ని. తరువాత కొత్త బ్యాచ్‌ల పిల్లలు దిగారు, వానలు పట్టుకున్నాయి, బకెట్ల గిరాకీ పెరిగింది. కొన్ని ఆదివారాలు జారిపోయాయి. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యాక, గుర్రాన్ని బరాత్‌లకు తిప్పుతోందేమోనని అనుమానం మొదలైంది. బేరాలాడే మనిషికి ఎదుటి మాట మీద నమ్మకం తక్కువ. తన మాట ఎంత వంకరో తనకు తెలుసు కదా.

ఒక సాయంత్రం దుకాణం నాయినకు వదిలి సనత్‌నగర్ బస్సెక్కాను. దిగి సందులోకి మలుపు తిరగకముందే బాజా వినబడింది. బరాత్. పాలామె కొట్టం దగ్గరికి పరుగున వెళ్లాను. బర్రెలు నెమరేస్తున్నాయి. గుర్రం లేదు. గుంజ దగ్గర సగం తిన్న గడ్డి ఉంది.

ఇక చూడండి నా పరుగు. చెప్పు తెగింది, అక్కడే వదిలేశాను. బరాత్‌లో మనుషుల్ని తోసుకుంటూ ముందుకు పోయాను. పెళ్లికొడుకు గుర్రం మీదే ఉన్నాడు. పొడుగాటి తెల్లగుర్రం, నెత్తిన తురాయి. మాది కాదు. పెళ్లివారి ముసలాయన ఒకాయన నన్ను చూసి, "ఎవల తరఫు బిడ్డా, పిల్ల తరఫా?" అని అడిగాడు. "గుర్రం తరఫు," అనేసి వెనక్కి తిరిగాను.

కొట్టం వెనక, మూతబడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన కనబడ్డారు ఇద్దరూ. పాలామె గోడకు వీపు ఆనించి నిలబడింది. గుర్రం తల ఆమె చంకలో ఉంది. దాని చెవుల మీద గోనెసంచి మడిచి కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "ఐపోయింది తల్లీ, ఐపోయింది. గా మూల తిరిగిండ్రు. ఇగ పోయిండ్రు," అంటోంది. బాజా ఇంకా పోలేదు. గుర్రం వణుకుతోంది, కానీ తాడు తెంచుకోవడం లేదు.

అప్పుడు చూశాను తాడు. మెడకున్నది మాది కాదు. రంగురంగుల బట్టతాడు.

బాజా దూరమయ్యే దాకా ఊరుకున్నాను. ఆ మాత్రం బుద్ధి ఉంది. తరువాత అడిగాను. "మా పలుపేది పెద్దమ్మా?"

"చూరుకుంది." నన్ను కొట్టంలోకి తీసుకెళ్లి చూపించింది. ఎర్రదారంతో సహా, చుట్ట చుట్టి, ఎలుక కొట్టకుండా పైన వేలాడదీసింది. "తిట్టకు బిడ్డా. మీ తాడు మెడకు ఒరుసుకుంటుండె. వానలకు తడిసినంక రెండో దినానికే మెడ ఎర్రగైంది. నా పాత చీరెలు పేని తాడు చేసిన." గుర్రం మెడ వెంట్రుకలు పక్కకు తీసి చూపించింది. ఒరుసుకున్న చోట కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. మేము హక్కు కట్టిన చోటు అది.

"చెప్పలేదేంది?"

"చెప్తే సేటు బాధపడ్తడని. ఎంత ఏరి కట్టిండు పాపం."

బెల్లం చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. గుర్రం వచ్చి తిన్నది, నా అరచెయ్యి నాకింది. తరువాత వెళ్లి బర్రె పక్కన, దాని వీపుకు గడ్డం ఆనించి నిలబడింది. నేను పిలిచాను. చెవి ఒకటి తిప్పింది, అంతే.

"ఆ పలుపు ఇటియ్యి," అన్నాను.

పాలామె మొహం మాడిపోయింది. "తోల్కపోతవా? చెప్పింది తప్పితినా? సగం మోపుకన్న ఎక్కువ పెట్టలె బిడ్డా. నీ మీద ఒట్టు. జర ఆలోచన చెయ్యి, మీకాడ కొట్టం సుత లేదు..."

"తాడొక్కటే."

ఆమె కాసేపు నా మొహం చూసింది. బేరాలు తెలిసిన మనిషి, రెండుసార్లు చెప్పించుకోలేదు. నిచ్చెన వేసి, చూరు నుంచి తాడు తీసి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టింది. లోపలికి పోయి స్టీలు క్యాన్ నిండా జున్నుపాలు తెచ్చింది.

"వద్దు పెద్దమ్మా."

"వద్దంటే తాడు వాపస్ ఇయ్యి. జీవాన్ని ఉట్టిగ తీసుకుంటే మంచిది కాదు." అలా మరోసారి ఆమె చేతిలో ఓడిపోయి, ఒంటి చెప్పుతో, ఒక చేతిలో క్యాన్, భుజాన పలుపుతో అమీర్‌పేట బస్సెక్కాను. కండక్టర్ తాడు వంక చూసి, "పశువేదమ్మా, దించి మరిచినవా?" అని అడిగితే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక కిటికీ వైపు తిరిగాను.

దుకాణం ముందు నాయిన నా భుజం మీద తాడు చూశాడు. ఏమీ అడగకుండానే తెలిసిపోయింది ఆయనకు. తాడు అందుకుని, వేళ్లతో దాని గరుకుదనం రాసి చూసుకున్నాడు చాలాసేపు.

"ఒరుసుకుందా?"

"ఆఁ. ఇప్పుడు మంచిగుంది."

"ఏం బేరం చేసినవ్ మరి?"

"ఏం చేయలె."

"ఏం చేయకుంటనే వచ్చినవా?" అన్నాడు. "మన ఇంట్ల పుట్టినదానివేనా నువ్వు?" అని నవ్వబోయాడు. క్యాన్ మూత తీసి వాసన చూసి, "ఏలకులు దంచుమను మీ అమ్మను," అని గల్లా దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ పెరటి మీద ఇప్పుడు మెట్లు, గదులు, ఆరేసిన తువ్వాళ్లు. సందు చివర రోడ్డు మీద మెట్రో పోతే డబ్బాల్లో పప్పు సన్నగా వణుకుతుంది. పలుపు మాత్రం దేవుడి పటం పక్కన మేకుకు అలాగే ఉంది. నాయిన ఉన్నన్నాళ్లూ హాస్టల్ పిల్లలెవరైనా గది ఖాళీ చేస్తూ, పరుపు కట్టుకోవడానికి "అంకుల్, ఆ తాడెంతండీ?" అని అడిగేవారు. మా దుకాణంలో ధర లేని వస్తువు ఉండకూడదని నాకు నేర్పిన మనిషి, తల ఎత్తకుండా, "గది అమ్మిన గుర్రానిది బాబూ," అని లోపల్నుంచి మెత్తటి నైలాన్ తాడు తెచ్చి ఇచ్చేవాడు.