బాబాయి పదకొండు నిమిషాలు

స్టూడియోలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. పందొమ్మిదేళ్ళుగా సినిమాలు కత్తిరించడమే పని. ఎంత పెద్ద హీరో నడకనైనా సగంలో తుంచేసి నిక్షేపంగా భోంచేసే మనిషి. అలాంటిది, ఈ సినిమా దగ్గర చెయ్యాడటం లేదు.

రాజుల కాలం నాటి నేరకథ. కోట ఖజానాలో హత్య, చివరిదాకా హంతకుడెవరో తెలియదు. నటులంతా ప్రాణం పెట్టేశారు. అదే వచ్చిన చిక్కు. ఏడ్చినట్టు చేసి ఉంటే కళ్ళు మూసుకుని కోసేయవచ్చు. కోయగలిగినదంతా కోశాక కూడా పదకొండు నిమిషాలు ఎక్కువే ఉంది.

"ఇంత పొడుగైతే హాళ్ళవాళ్ళు తీసుకోరమ్మా" అన్నాడు నిర్మాత. "ఆ ముసలి కాపలావాడి సీనుంది చూడు, సరిగ్గా పదకొండు నిమిషాలు. అది లేకపోయినా కథ అర్థమవుతుంది. ఎత్తేయ్."

ఆ కాపలావాడి వేషం వేసింది ఆమె బాబాయి. నాన్న పోయాక పెంచి పెద్దచేసినవాడు. ముప్ఫయ్యేళ్ళుగా సినిమాల్లో గుంపులో నిలబడి, దీపం పట్టుకుని, కెమెరాకు వీపు చూపించి బతికాడు. ఇన్నాళ్ళకు, హంతకుణ్ణి చూసి కూడా భయంతో నోరు మూసుకున్నానని ఒప్పుకునే సన్నివేశం దక్కింది. మాటలకన్నా మౌనంతోనే ఎక్కువ చెప్పాడు. అది పోతే ఆయనకు ఈ జన్మలో ఇంకోటి రాదు.

"వేరే దారి చూస్తాను సార్, శుక్రవారం దాకా ఆగండి" అని కాళ్ళావేళ్ళా పడింది.

ఆమె వెతుక్కున్న దారి ఏమిటంటే, మిగతా అందరి మాటల మధ్య సందులు కోయడం. సేనాపతి జవాబిచ్చే ముందు చూసే చూపులో అర సెకను, రాణి ఏడవబోయే ముందు ముప్పావు సెకను. నాలుగు రోజులు జేబుదొంగలా అందరి దగ్గరా కొట్టేసింది. బాబాయి జోలికి మాత్రం పోలేదు. పదకొండు నిమిషాలూ కూడాయి.

శుక్రవారం పొద్దున తెలిసినవాళ్ళకు సినిమా వేశారు. పావుగంటలోనే ఆమెకు తన తప్పు తెలిసిపోయింది. అంత గొప్ప నటులూ పాఠం అప్పజెబుతున్నారు! ఆ పరుగుకు అలవాటు పడిన జనం, బాబాయి రాగానే కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు. "ఈ ముసలాయన ఎప్పటికి తేలుస్తాడ్రా బాబూ" అన్నారెవరో. హాలంతా నవ్వింది. మూడో వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న బాబాయి కూడా, పాపం, నవ్వాడు.

"ఏం చేశావమ్మా సినిమాని?" నిర్మాత తల పట్టుకున్నాడు. "అందరివీ ఎలా ఉన్నవి అలా పెట్టేయ్. ఆ సీను తీసేయ్."

బయట వరండాలో బాబాయి ఎదురుచూస్తున్నాడు. "అందరూ చకచకా చేసుకుపోయారే అమ్మడూ. నేనొక్కణ్ణే జీళ్ళపాకంలా సాగదీశాను. నీకూ తలవంపులు తెచ్చాను. తీసెయ్ తల్లీ."

"కాదు బాబాయ్! నువ్వు బ్రహ్మాండంగా చేశావ్. పాడుచేసింది నేను!"

"సర్లే, నన్ను ఊరుకోబెట్టకు."

చెయ్యి పట్టుకుని ఎడిటింగు గదికి లాక్కెళ్ళింది. అందరి చూపులూ, నిట్టూర్పులూ ఎక్కడివక్కడ ఉన్న, ఈ నాలుగు రోజుల కోతకు ముందటి సినిమా పెట్టింది. ఎంత బాగుందో! బాబాయి సన్నివేశం వచ్చేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. "చూడు బాబాయ్, ఒక్కసారి చూడు" అంటూ ఆయన వైపు తిరిగింది.

ఆయన తెర వంక చూడటం లేదు. సిగ్గుతో తల వంచుకుని, కుర్చీ కింద చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుంటున్నాడు.